మూరెడు లోతు: యురేనియం సర్వే, మన సాహిత్యం

2019 సెప్టెంబరులో నేనొక కవిత రాశాను. ఆ నెలలో నల్లమల గురించి రాయనివాళ్ళు తక్కువ. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం సర్వే చేసుకోవడానికి కేంద్ర అటవీ సలహా కమిటీ మే నెలలోనే సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాలుగు వేల బోర్లు వేస్తారని వార్తలొచ్చాయి. ఫేస్‌బుక్ నిండా పులులు, చెంచుపెంటల ఫోటోలు, 'సేవ్ నల్లమల' ఫ్రేములు. నా కవితలో పసుపుపచ్చ విషం ఉంది, బిడ్డనెత్తుకున్న చెంచు తల్లి ఉంది, తాగడానికి పనికిరాకుండా పోయిన కృష్ణ నీళ్ళున్నాయి. చివర్లో ఇనుప గోళ్ళ రాక్షసుడొకడు అడవి గుండెకి చిల్లులు పెడుతుంటాడు. మూడు వందల షేర్లు దాటింది. నేను రాసినవాటిలో అంతమంది చదివింది అదొక్కటే.

దసరాకి ఊరెళ్తే మా మేనమామ ఫోన్ ముందుకు చాపి అడిగాడు: "గీ ఇనుప గోర్లోడు నేనేనా అల్లుడా?"

మామ ముప్ఫై ఏళ్ళకు పైగా కేంద్ర ప్రభుత్వ ఖనిజ సర్వేలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు ఆయన ఏడాదిలో సగానికి పైగా టెంట్లలోనే ఉండేవాడు. వానలు మొదలైతేనే ఇంటికొచ్చేవాడు. భుజాన మిషన్ వేసుకుని రాళ్ళ మీద నడవడం ఆయన ఉద్యోగం. కవిత రాస్తున్నంతసేపూ ఆయన నాకు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చి పక్కన పెట్టి ఉంటే అదొక నిర్ణయం అనుకునేవాణ్ణి. అసలు గుర్తే రాలేదు. ఇంట్లో మనిషిని కూడా కనబడకుండా చేసే భాషేదో నాకు అలవాటైపోయిందని అప్పుడు అనుమానం వచ్చింది. ఈ రోగం నా ఒక్కడిదేనా, యురేనియం మీద మనం రాసినదంతా ఇలాగే ఉందా అని చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువు గురించి.

*

ముందు మామ దగ్గర నేర్చుకున్నది చెప్తాను. అది తెలియకుండా రాసినందుకే నా కవిత అలా తయారైంది.

యురేనియం వెతకడం తవ్వడంతో మొదలవ్వదు. ముందు విమానమో హెలికాప్టరో తక్కువ ఎత్తులో, సమాంతర గీతల్లో ఎగురుతూ నేలలోంచి వచ్చే గామా కిరణాల్ని లెక్కపెడుతుంది. లెక్క ఎక్కువగా ఉన్నచోటికి మనుషులు నడిచి వెళ్తారు. సింటిల్లోమీటర్ అనే మిషన్ పట్టుకుని, మ్యాపు మీద గీసుకున్న గీతల వెంట, కొన్ని అడుగులకొకసారి ఆగి, అంకె రాసుకుంటారు. అంకె పెద్దదైనంత మాత్రాన సరిపోదు. గ్రానైట్ బండ ఎక్కడున్నా ఎంతో కొంత లెక్క చూపిస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల మామూలుగా వచ్చే అంకె ఎంత, ఇక్కడ వస్తున్నది ఎంత? తేడా బాగా ఉంటే దాన్ని 'అనామలీ' అంటారు. ఆ తర్వాత గుంతలు, కందకాలు. అక్కడా ఆశ కనబడితే డ్రిల్లింగ్ రిగ్గు. బోరులోంచి తీసిన రాతి కడ్డీల్ని లోతు ప్రకారం పెట్టెల్లో వరసగా పేరుస్తారు. బోరులోకి మిషన్ దించి మళ్ళీ లెక్కపెడతారు. ఎక్కువసార్లు ఏమీ దొరకదు.

"బోరు అంటే నల్గొండల నీళ్ళ బోరేనాయె," అన్నాడు మామ. "రిగ్గు దిగిందంటే ఊరంత చుట్టూ చేరేది. నీళ్ళు పడ్డయా సార్ అని అడిగేటోళ్ళు. పడలేదని చెప్పుడే మా పని." ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగిపోయిన జిల్లా అది. ఈ ఒక్క దృశ్యం నా కవితలో ఉంటే ఇనుప గోళ్ళ అవసరం ఉండేది కాదు.

ఇంకో రెండు విషయాలు నన్ను పట్టుకుని వదల్లేదు. ఒకటి, నేల మీద పెట్టిన ఆ మిషన్ చూడగలిగేది సుమారు మూరెడు లోతే. అంతకన్నా కింద పుట్టిన గామా కిరణాల్ని పైనున్న రాయే మింగేస్తుంది. రెండోది ఇంకా చిత్రం. మిషన్‌కి వినిపించేది యురేనియం గొంతు కాదు. యురేనియం క్షీణిస్తూ పోగా పుట్టే మూలకాల వరసలో చాలా కిందికి బిస్మత్-214 అని ఒకటి ఉంది. ప్రధానంగా దాని కిరణాల్ని లెక్కపెట్టి, పిల్లలు ఇంతమంది ఉన్నారు కాబట్టి ముత్తాత ఇంత ఉండాలి అని అంచనా కడతారు. మధ్యలో ఎవరూ ఊరు విడిచి పోలేదనే నమ్మకం మీద ఆ అంచనా నిలబడుతుంది. వానకి, భూగర్భ జలానికి మధ్య తరాలు కొట్టుకుపోయి ఉంటే లెక్క తప్పుతుంది.

విమర్శ రాసేవాడికి ఇందులో తెలిసిన కష్టమే కనిపిస్తుంది. మనమూ పైకి వినిపించే శబ్దాన్ని బట్టే లోపలున్నదాన్ని ఊహిస్తాం. కాకపోతే సర్వేవాడు తన అంకె పక్కన అది అంచనా అని రాస్తాడు. కవి రాయడు.

*

సర్వే రాతల్ని సాహిత్యంలా చదివితే ఎలా ఉంటుంది? నేను పాతదాంతో మొదలుపెట్టాను. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1851లో మొదలైంది. అందులో పనిచేసిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన పెద్ద నివేదిక 1872లో వచ్చింది. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అంటూ నదుల పేర్లు, కొండల పేర్లు పెట్టి రాళ్ళని వర్గాలుగా విడగొట్టింది ఆయనే. లోపలి పొరలకి ఊళ్ళ పేర్లు పెట్టాడు: గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, కంభం, శ్రీశైలం. గువ్వలచెరువు ఆయన స్పెల్లింగులో నలిగి భూగర్భ శాస్త్రంలో 'గుల్చేరు' అయిపోయింది. తుమ్మలపల్లె యురేనియం మీద ఇవాళ ప్రపంచంలో ఎవరు పేపరు రాసినా 'వేంపల్లె' అని రాయాల్సిందే. వేంపల్లె బస్టాండులో నిలబడ్డవాళ్ళలో తమ ఊరి పేరు వంద కోట్ల ఏళ్ళకు పైబడ్డ ఒక రాయికుందని ఎంతమందికి తెలుసు?

మంచి వచనం అది, ఒప్పుకోవాలి. తొందర లేదు. చూసింది చూసినట్టు రాస్తాడు. కానీ నేను చదివినంతలో అందులో కథానాయకులు రాళ్ళే. పొర లేస్తుంది, వంగుతుంది, ఇంకో పొర కిందికి దూరుతుంది. క్రియలన్నీ రాళ్ళవి. కింగ్ ఇంకో పని కూడా చేశాడు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు చూశాడు. అక్కడి ముఖ్యమైన పొరని ఇప్పటికీ 'కింగ్ సీమ్' అనే పిలుస్తారు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన కంపెనీ ఒకటి తవ్వే హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. అదే తర్వాత సింగరేణి. చూడటానికీ తవ్వడానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు. అన్నేళ్ళూ ఆ బొగ్గు కాగితం మీద ఉంది.

ఇదే నల్లమల మీద ఇంకో సర్వే పుస్తకం ఉంది. నిజాం రాజ్యంలో ఆదివాసుల్ని అధ్యయనం చేసిన హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసింది, 1943లో వచ్చింది. అక్కడ క్రియలన్నీ మనుషులవి. గడ్డలు తవ్వుతారు, తేనె తీస్తారు, పోట్లాడుకుంటారు, పెళ్ళి చేసుకుంటారు. ఒక పుస్తకంలో మనుషుల్లేని నల్లమల, ఇంకోదాంట్లో కింద ఏముందో పట్టించుకోని నల్లమల. రెండూ ఏదో ఒక ప్రభుత్వం కోసం రాసినవే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని రాసిన తెలుగు నవల నాకు ఇంతవరకు కనబడలేదు.

*

మరి ఎదుటి పక్షం రాతలు? యురేనియం అనగానే మన కళ్ళ ముందుకొచ్చే బొమ్మలకి మూలం చాలావరకు జాదుగూడ. ఇప్పటి ఝార్ఖండ్‌లోని ఆ చోట యురేనియం సంగతి 1951లో బయటపడింది. 1960ల చివరికి గని పనిచెయ్యడం మొదలైంది. శ్రీప్రకాశ్ 1999లో తీసిన 'బుద్ధా వీప్స్ ఇన్ జాదుగోడా' అనే డాక్యుమెంటరీ చూసినవాళ్ళు మర్చిపోలేరు. 1974 పోఖ్రాన్ పరీక్షకి పెట్టిన 'నవ్వే బుద్ధుడు' పేరుని ఆ టైటిలే తిప్పికొడుతుంది. శుద్ధి చెయ్యగా మిగిలిన వ్యర్థాల చెరువుల పక్కన బతికే ఆదివాసుల ముఖాల మీద కెమెరా నిలబడుతుంది. ఆ చిత్రం బలం అంతా అది జరిగిపోయినదాన్ని చూపించడంలో ఉంది.

2019లో మేం చేసింది ఏమిటంటే, జాదుగూడ వర్తమానాన్ని తీసుకొచ్చి నల్లమలకి భవిష్యత్తుగా తొడిగాం. భయపెట్టడానికి అది పనికొచ్చింది. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అందులో పాటలకి, కవితలకి వాటా ఉందనే నమ్ముతాను. నా మూడు వందల షేర్లకి కూడా ఆవగింజంత ఉందేమో. కాబట్టి ఆ కవిత్వం పనికిరాలేదని నేననను.

కానీ ఆ కవితలు ఒక్క మాటకి జవాబు చెప్పలేకపోయాయి. "ఇది సర్వే మాత్రమే, తవ్వకం కాదు" అనే మాటకి. మేం ఏకంగా గనిలోకి దూకాం. సర్వే కాలం వేరు. అందులో ఇంకా ఏమీ జరగలేదు. వైకల్యంతో పుట్టిన బిడ్డ లేడు, విషపు చెరువు లేదు. ఒక మనిషి, ఒక మిషన్, కొన్ని అంకెలు. ఏమీ జరగనిచోట అన్యాయం ఎక్కడుందో చూపించడం కష్టమైన పని. జరిగిపోయిన దుఃఖం కవికి తయారుగా దొరుకుతుంది. జరగబోయేదాని మొదటి అడుగు మామూలు ఉద్యోగంలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని పట్టుకోవడానికి వేరే కన్ను కావాలి.

ఆ ప్రశ్నని కవులకంటే బాగా అడిగినవాళ్ళున్నారు. తొంభైల్లో నాగార్జునసాగర్ రిజర్వాయరు దాపున, లంబాపురం, పెద్దగట్టు వైపు పనిచేస్తున్నప్పుడు ఒక ముసలాయన మామ టెంటు ముందు కూచుని అడిగాడట: "దొరక్కపోతే పోతరు సరే. దొరికితె గూడ పోతరా?" మామ ఏమీ చెప్పలేదు. చెప్పే అధికారం ఆయనకి లేదు.

నిజానికి ఆ ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. లంబాపురం, పెద్దగట్టులో దొరికింది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం గట్టిగా అడ్డుపడ్డారు. ఇప్పటికీ అక్కడ గని లేదు. తుమ్మలపల్లెది ఇంకో కథ. ఆ రాయిలో యురేనియం చాలా పల్చన. టన్ను రాయిలో అరకిలో కూడా ఉండదు. పైగా సున్నపురాయి కోవకి చెందిన రాయి కావడంతో మామూలు ఆమ్ల పద్ధతి గిట్టదు, క్షారంతో తియ్యాలి. అందుకని చాలా ఏళ్ళు అది కాగితాల్లోనే పడుంది. పద్ధతి కుదిరి, అవసరం పెరిగాక 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో కర్మాగారం మొదలైంది. అంటే సర్వే చేస్తే గని తప్పదనీ కాదు, సర్వే చేసి వెళ్ళిపోయారు కదా ఇక భయం లేదనీ కాదు. రిపోర్టు ఎదురు చూస్తుంది. ధర మారేదాకా, పద్ధతి దొరికేదాకా, అడ్డం తిరిగిన తరం ముసలిదయ్యేదాకా కూడా ఎదురు చూడగలదు. తీర్మానానికి అంత ఓపిక ఉంటుందా? 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ అడవిలో బోర్ల ప్రతిపాదన వచ్చి, చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కినప్పుడు నాకీ మాటే గుర్తొచ్చింది.

*

ఇలాంటివి పట్టుకోగలిగేది కవిత కంటే నవలే అనిపిస్తుంది. అది కూడా పని తెలిసిన నవల. నా మనసులో ఉన్న నమూనా సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం'. అదీ నల్లమలే, అదీ వెతుకులాటే. కరువులో గొర్రెల కాపరులు గడ్డి కోసం, నీళ్ళ కోసం అడవిలోకి నడుస్తారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడొకడు వాళ్ళతో వెళ్తాడు కాబట్టి నాలాంటివాడికి లోపలికి తలుపు సులువుగానే తెరుచుకుంటుంది. కానీ ఆ నవలని నిలబెట్టింది కుర్రాడి మనసొక్కటే కాదు, పని కూడా. మంద ఎక్కడ ఆగాలి, రాత్రి కాపలా ఎలా కాయాలి, ఏ చప్పుడుకి ఏం చెయ్యాలి. అడవి అందమో భయమో కాక ముందు ఒక పనిచోటు అవుతుంది. పులి కూడా ప్రతీకగా మిగిలిపోకుండా గొర్రెని ఎత్తుకుపోగలిగే జంతువుగా ఉంటుంది.

యురేనియం సర్వే మీద మనకి అలాంటి పుస్తకం లేదు. మ్యాపు మీద గీత వాగు మధ్యలోంచి పోతే ఏం చేస్తారు? మిషన్ అంకె పెరగ్గానే మొదట ఎవరికి చెప్తారు? దొరికిందని సంతోషం వేస్తుందా? మామని ఇదే అడిగితే కాసేపు ఆలోచించి, "ఎందుకు ఎయ్యదు? నెలల తరబడి నడిస్తిమి గద," అన్నాడు. ఆ సంతోషాన్ని అర్థం చేసుకోని సాహిత్యం సర్వేని అర్థం చేసుకోలేదు. ఆ సంతోషం దగ్గరే ఆగిపోతే అది కూడా తప్పే. ఎందుకంటే ముసలాయన ప్రశ్న గుర్తు చేస్తే మామ ఎప్పుడూ ఒకటే అంటాడు: "మాది ఎతుకుడు వరకే అల్లుడా. తవ్వుడు మా చేతుల లేదు."

ఇక్కడ నేను రాక్షసుణ్ణి వదిలి అద్దం చూసుకోవాల్సి వచ్చింది. నేను ఆఫీసులో రాసే కోడ్ చేసేది కూడా అనామలీలు పట్టుకోవడమే. అప్పు కోసం వచ్చిన లక్షల దరఖాస్తుల్లో మామూలుగా లేనివాటికి గుర్తు పెట్టడం. మామూలు అంటే ఏమిటో పాత లెక్కల నుంచి తీసుకుంటాం, మామ మామూలు అంకెని చుట్టుపక్కల రాళ్ళ నుంచి తీసుకున్నట్టే. గుర్తు పడ్డ మనిషికి తర్వాత ఏమవుతుందో నేను చూడను, అది వేరే టీము. ఒకసారి మీటింగులో ఎవరో అడిగితే "మాది ఫ్లాగ్ పెట్టేవరకే" అన్నాను. మామ మాట విన్నాక ఆ వాక్యం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో గుర్తొచ్చింది. ఇద్దరం ఒకే భాషలో జీతం తీసుకున్నాం. నేను మాత్రం రాత్రిపూట ఆయన మీద కవిత రాశాను.

మామని సమర్థించడానికి ఇది చెప్పట్లేదు. 'వరకే' అన్న చిన్న మాట వెనక ఎంత పెద్ద వ్యవస్థ హాయిగా నిద్రపోతుందో చూపించాలంటే, ముందు ఆ మాట అనేవాడిని పేజీ మీదికి తేవాలి. ఇనుప గోళ్ళవాడు 'వరకే' అనడు. మనిషే అంటాడు.

*

ఇంకొక్క సంగతి. రిపోర్టుల్లో జనం పేర్లు ఎక్కడైనా రాసేవాళ్ళా అని మామని అడిగాను. రిపోర్టులో అక్షాంశం, రేఖాంశం, బోరు నెంబరు, లోతు, అంకె. జనం లేరు. "మస్టర్ రోల్‌ల ఉంటరు," అన్నాడు. దారి చూపించడానికి, సామాన్లు మొయ్యడానికి, కందకాలు తవ్వడానికి ఊళ్ళోవాళ్ళని దినకూలీకి పెట్టుకునేవాళ్ళు. పేరు, తండ్రి పేరు, ఎన్ని రోజులు, ఎంత డబ్బు, వేలిముద్ర. వాగులకి, గట్లకి పేర్లు చెప్పింది కూడా వాళ్ళే. వాళ్ళు చెప్పిన పేర్లు మామ జేబు పుస్తకంలో రాసుకునేవాడు. ఆఫీసుకి చేరేసరికి అవి అంకెలైపోయేవి. ఆ జేబు పుస్తకాలు రిటైరైన ఏడాది ఇల్లు మారినప్పుడు పోయాయి.

సర్వే చేసినవాళ్ళకి ఆ చోటు చూపించింది అక్కడివాళ్ళే, కూలి తీసుకుని. ఈ సంగతి నా కవితలో పట్టదు. తల్లి, విషం, రాక్షసుడు అనే మూడు గదుల్లో ఎందులోనూ ఇమడదు. దారి చూపించినవాడు, టెంటు ముందు కూచుని ప్రశ్న అడిగినవాడు ఒకే మనిషి కూడా అయ్యుండొచ్చు. మామకి సరిగ్గా గుర్తు లేదు. నాకు కావలసిన నవల అక్కడ మొదలవుతుంది.

నా కవితని తీసెయ్యలేదు, అలాగే ఉంచాను. ఇప్పుడు చదివితే అది నేల మీద పెట్టిన మిషన్‌లా అనిపిస్తుంది. పైపైన బాగానే మోగుతుంది, మూరెడు దాటితే ఏమీ వినబడదు. పోయిన వేసవిలో మామతో కూచుని, గుర్తున్నన్ని వాగుల పేర్లు చెప్పించుకుని రాసుకున్నాను. పదకొండు వచ్చాయి. ఇంకా చాలా ఉండేవట. "కవిత రాస్తవా మల్ల?" అని అడిగాడు. లేదు మామా, ముందు మ్యాపు మీద పెట్టి చూస్తా అన్నాను.